ఏడు హెల్మెట్లు, ఎనిమిది గుండ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, చేతిలో బి.ఎడ్. పట్టా, చోడవరంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ మాస్టారి ఉద్యోగం (అదీ టెంపరరీ), వీటన్నిటినీ మించి చరిత్రంటే ఈ జిల్లా మొత్తంలో నాకొక్కడికే గౌరవముందన్న నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి పిలిచి, గ్లాసుడు మంచినీళ్ళిచ్చి, "కాస్త కూర్చో నాయనా" అనాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం అన్నవాళ్ళు లేరా? నేను కూర్చుంటే కదా!

వార్షికోత్సవానికి ఇంకా నెలన్నర ఉందనగా మా కరస్పాండెంటు గారు నన్ను గదిలోకి పిలిచారు. "మాస్టారూ, ఏటా ఆ డాన్సులే అవుతన్నాయి. సూసి సూసి విసుగొచ్చీసింది. ఈసారి మీరు హిస్టరీది డ్రామా ఏదైనా వెయ్యండి. బాగుంటే జూన్ నుంచి మిమ్మల్ని పర్మనెంటు చేసేద్దాం. బాగోలేదనుకోండి..." అని ఆగి, మిగతా వాక్యాన్ని టీతో కలిపి మింగేశారు. బాగోకపోతే ఏమిటో నాకు తెలుసు. గాజువాకలో మా మావయ్య నా కోసం ఒక కంపెనీ స్టోర్సులో ఉద్యోగం చూసిపెట్టి, వారానికి రెండుసార్లు ఫోన్ చేసి "ఒరే, ఎన్నాల్రా ఆ సుద్దముక్కలు అరగదీత? వచ్చేయ్" అంటున్నాడు. మా అమ్మయితే నా బట్టలు సగం సర్దేసింది కూడా. నాకేమో నల్లబల్ల ముందు నిలబడితే తప్ప ఊపిరాడదు. ఆ నాటకం బాగుంటే మాస్టార్ని, లేకపోతే గాజువాకలో నట్లూ బోల్టులూ లెక్కపెట్టేవాణ్ణి. వ్యవహారం అంతదాకా వచ్చింది.

మా వైపు పూర్వం ఒక చిన్న రాజుగారు ఇంగ్లీషు కంపెనీ వాళ్ళకి ఎదురుతిరిగి, యుద్ధంలో ప్రాణాలు వదిలారని ఒక పాత పుస్తకంలో చదివి ఉన్నాను. ఆ ఘట్టమే ఖాయం చేశాను. రాజు వేషం పదో తరగతి కుర్రాడికిచ్చాను. కె.కోటపాడు వైపు నుంచి వచ్చేవాడు, సన్నగా నిటారుగా ఉంటాడని స్కూలంతా వాణ్ణి సరుగుడు అనేవారు. కంపెనీ సైనికులు ఏడుగురు. వాళ్ళ దళపతి లడ్డూ (ఈ పేరుకి వివరణ అక్కర్లేదు). డ్రాయింగు మాస్టారు పాపం మంచి మనిషి, "టోపీలు నాను అట్టముక్కల్తో కోసిచ్చేస్తాను. నల్ల రంగేసెత్తే గంట పని" అన్నాడు. అట్టముక్కలా! చరిత్రకి అట్టముక్కలా! ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. పుస్తకాలు తిరగేసి, కంపెనీ కాల్బలం టోపీలు పెట్టుకునేదనీ, లోహపు శిరస్త్రాణాలు అశ్విక దళానికే ఉండేవనీ తేల్చాను. శిరస్త్రాణాల మీద అప్పటికే మనసు పడిపోయింది కనక మా సైనికుల్ని అశ్విక దళం చేసిపారేశాను. గుర్రాలేవని ఎవరైనా అడిగితే తెర వెనక కట్టేసి ఉన్నాయని మైకులో నేనే చెప్తాను. (దీన్ని నేను చారిత్రక దృష్టి అనుకున్నాను.)

విదేశాల్లో పాత యుద్ధాల్ని వేషాలు కట్టి మళ్ళీ ఆడే సంఘాలున్నాయనీ, వాళ్ళకి కావలసిన అచ్చు పాత తరహా శిరస్త్రాణాలు మన దేశంలోనే ఉత్తరాదిన తయారవుతాయనీ ఇంటర్నెట్టులో కనిపెట్టాను. ఫొటో చూస్తే గుండె ఝల్లుమంది. ఇనప డిప్ప, చుట్టూ ఇత్తడి పట్టీ, నడినెత్తిన గుర్రపు వెంట్రుకల కుచ్చు. కరస్పాండెంటు గారు ఖరీదు విని రెండు గుటకలు మింగి సరేనన్నారు. ఆ తయారీదారుకి ఫోన్ చేసి, నాకొచ్చిన హిందీలో మాట్లాడాను. ఆయన ఓపిగ్గా, లోపల తోలుపట్టీ పెడతాను, ఏ తలకైనా బిగించుకోవచ్చు అన్నాడు. అసలైన వాటికి ఆ పట్టీ ఉండేదా అని నిలదీశాను. ఉండేదో లేదో తెలియదన్నాడు. తెలియనప్పుడు వద్దన్నాను. ఒక్కో తలకి కొలత పంపుతాను, కొలత ప్రకారం చెయ్యమన్నాను. ఆయన "మీ ఇష్టం మాస్టర్జీ" అని ఫోన్ పెట్టేశాడు. నా పరిజ్ఞానానికి ఆశ్చర్యపోయాడనుకున్నాను.

ఆ ఏడాది మా కుర్రాళ్ళ ఫ్యాషనేమిటంటే నడినెత్తిన జుట్టు బెత్తెడు ఎత్తు లేపి, జిగురేదో పూసి నిలబెట్టడం. టైలరు దగ్గర టేపు తెచ్చి ఏడు తలలూ కొలిచాను. "సార్, జుత్తు నొక్కీసి కొలండి" అన్నాడు లడ్డూ. "నోర్ముయ్. తలెలా ఉంటే అలాగే కొలవాలి. కొలతంటే కొలతే" అన్నాను. చుట్టుకొలత, ఎత్తు, చెవినుంచి చెవికి దూరం, అన్నీ వేసి పంపించి, ఇంక నిశ్చింతగా రిహార్సల్సు మొదలెట్టాను.

రిహార్సల్సు బ్రహ్మాండంగా సాగాయి. సరుగుడు చావడంలో మంచి నేర్పు సంపాదించాడు. లడ్డూ పొడవగానే ఒక చేత్తో గుండె పట్టుకుని, మూడడుగులు వెనక్కేసి, దుమ్ము రేగేలా పడేవాడు. వార్షికోత్సవం శుక్రవారమనగా సోమవారం పొద్దున్న స్కూలు గేటు దగ్గర నిలబడి ఉన్నాను. రాజూ, కంపెనీ సైన్యమూ కలిసి వస్తున్నారు. ఎనిమిది గుండ్లు! ఎనిమిదింటి మీదా పచ్చగా గంధం!

"ఏమిట్రా ఇది?" అన్నాను.

సరుగుడు నేల చూపులు చూస్తూ, "నాటకంలో నాను సచ్చిపోతన్నానని మాయమ్మకి తెలిసిపోనాది సార్. గండం పోవాలని అప్పన్న బాబుకి మొక్కీసింది. నిన్న సింహాచలం తీసుకెల్లి తలనీలాలు ఇప్పించీసింది" అన్నాడు.

"సరే, వాడు చస్తాడు. మీకేం వచ్చిందిరా? మీరు చంపేవాళ్ళు కదా!"

"అందుకే సార్" అన్నాడు లడ్డూ, నాకు ఆ మాత్రం తెలియనందుకు జాలిపడుతూ. "సంపితే పాపం కాదేటి? మా అమ్మలందరూ మాట్లాడుకుని ఒకే వేన్లో ఎల్లేం. పులిహోర కూడా అట్టుకెల్లేం."

హెల్మెట్ల పార్శిలు ఆ మధ్యాహ్నమే వచ్చింది. విప్పి చూస్తే ఒక్కొక్కటీ కన్నులపండువ! లడ్డూ నెత్తిన పెట్టాను. అది జర్రున దిగి ముక్కు మీద ఆగింది. మిగతా ఆరుగురికీ అంతే, అందులో ఒకడికైతే గెడ్డం కూడా కనపడలేదు. కరస్పాండెంటు గారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "మాస్టారూ, లోపల తువ్వాళ్ళు సుట్టండి" అని వెళ్ళిపోయారు. నేను డ్రాయింగు మాస్టారి కంట పడకుండా ఆ మూడు రోజులూ వేరే దారిన తిరిగి, పాత గుడ్డలు మడతలు పెట్టి, బయటికి కనపడకుండా హెల్మెట్లలో కుక్కాను. ఇప్పుడు అందరి కళ్ళూ బయటికి కనిపించాయి. గట్టెక్కాననుకున్నాను.

శుక్రవారం సాయంత్రం స్కూలు గ్రౌండు కిటకిటలాడింది. బుచ్చయ్యపేట నుంచి, దేవరాపల్లి నుంచి కూడా తల్లిదండ్రులు ఆటోలు కట్టించుకుని వచ్చారు. నేను మైకు దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. నాకు తెలియనిదల్లా ఒకటే. కొత్త గుండు మీద గుడ్డ రాసుకుంటే దురదట. మావాళ్ళు తెర వెనక హెల్మెట్లు తీసి, గుడ్డలన్నీ పీకి బుట్టలో పారేసి, బుర్రలు హాయిగా గోక్కుని, డిప్పలు నెత్తిన నిలబెట్టుకుని స్టేజీ ఎక్కేశారు.

"కంపెనీ అశ్విక దళం ప్రవేశించింది" అన్నాను గంభీరంగా. దళం ప్రవేశించింది, సెల్యూట్ కొట్టింది. ఆ అదురుకి ఏడు హెల్మెట్లూ ఒక్కసారిగా కిందికి దిగాయి. ఆ తరవాత జరిగినదాన్ని యుద్ధమని ఎవరంటారు? ఒకడు తెరని పొడిచాడు. ఇద్దరు ఒకరికొకరు దొరికి, శత్రువనుకుని భీకరంగా పోరాడారు. లడ్డూ "ఫైర్!" అని అరుస్తూ గోడవైపు దూసుకుపోయాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పాపం సరుగుడు ఒక్కడే బాధ్యత తెలిసినవాడు. చావడానికి సిద్ధంగా రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. ఎవరూ రాకపోయేసరికి తనే లడ్డూ దగ్గరకెళ్ళి, "ఇక్కడున్నానురా, పొడిసెయ్" అన్నాడు. నా మైకు అది కూడా అందుకుంది. లడ్డూ గాల్లో పొడిచాడు. "ఇటురా, ఇటు!" రెండోసారీ గాలే.

అప్పుడు జనంలోంచి ఎవరో "సావకురా బాబూ!" అని కేకేశారు. ఇంకొకరు "పోనీరా, బతికీ!" అన్నారు. ఇంక గ్రౌండంతా అదే గోల. సరుగుడు అటూ ఇటూ చూసి, మొహం ఇంత చేసుకుని, కత్తి పైకెత్తాడు. ఈలలు! చప్పట్లు! ముందు వరసలో కరస్పాండెంటు గారు కూడా నవ్వుతూ, చాలు, తెర దించెయ్యమని నాకు సైగ చేశారు. దించేస్తే అయిపోయేది. జూన్ నుంచి పర్మనెంటు. కానీ నేను చరిత్ర మాస్టార్ని కదా! ఒళ్ళు మండిపోయింది.

"దయచేసి నిశ్శబ్దం! రాజుగారు ఈ యుద్ధంలో గెలవలేదు. వీరమరణం పొందారు. ఇది చరిత్ర. మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు" అని మైకులో ప్రకటించి, సరుగుడి వైపు తిరిగి "పడిపో" అన్నాను.

వాడు నన్ను చూశాడు. జనంలో వాళ్ళమ్మని చూశాడు. తర్వాత ఎవరూ పొడవకుండానే, చప్పుడు కాకుండా, మెల్లిగా పక్కకి ఒరిగి పడుకున్నాడు. హెల్మెట్లవాళ్ళకి ఏం జరిగిందో తెలియక, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

వాళ్ళమ్మ లేచి స్టేజీ దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మాస్టారు బాబూ, నిజింగానే సంపీసేరేటి ఆ రాజుని?"

"అవునమ్మా."

"మరి ఆల్లమ్మ ఉందేటి అప్పుటికి?"

నాకు ఆ యుద్ధంలో ఎన్ని ఫిరంగులు పేలాయో తెలుసు. హెల్మెట్ మీద కుచ్చు గుర్రం తోకదో జూలుదో తెలుసు. "తెలీదమ్మా" అన్నాను.

"ఉంటే మరి ఆయమ్మకి ఎవులు సెప్పేరో, ఏటని సెప్పేరో" అంది. నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టుంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "లెగురా నాన్నా, సాలు" అంది. వాడు పడుకునే నావైపు చూశాడు. లెమ్మని తలూపాను. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కావాలంటే అక్కడ ఏడు హెల్మెట్లున్నాయి, అన్నీ వదులే.

మర్నాడు రాజీనామా రాసుకుని వెళ్ళాను. కరస్పాండెంటు గారు అది చదవకుండానే మడిచి, "డ్రామా ఏం బాగోలేదు మాస్టారూ" అన్నారు. "గానీ రాత్రి మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా అదే మాట, ఆ రాజుకి తల్లుందో లేదోనని. మా ఆవిడ నన్నడుగుతంది, నాకేం తెలుస్తాది? మీరు కనుక్కోండి. జూన్లో రండి. హెల్మెట్ల మాట మాత్రం ఈ జన్మకి నా దగ్గర ఎత్తకండి."

పన్నెండేళ్ళయింది. సుద్దముక్కలు అరగదీస్తూనే ఉన్నాను. ఆ రాజుగారి గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివాను. పెద్ద గ్రంథాలయాలకి వెళ్ళాను, తెలిసినవాళ్ళకి ఉత్తరాలు రాశాను. తల్లి మాట ఎక్కడా లేదు. సరుగుడి అమ్మ ఎప్పుడైనా బస్టాండులో కనిపిస్తే, సంచీ కింద పెట్టి మరీ అడుగుతుంది.

"తెలిసిందేటి మాస్టారు బాబూ?"

"ఇంకా లేదమ్మా. చూస్తున్నాను."

"సూడు, సూడు. తొందరేటి లేదు" అని నవ్వి, కోటపాడు బస్సెక్కిపోతుంది. అన్నీ తెలిసిన ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు అప్పుడు నా పక్కనే నిలబడి బుర్ర గోక్కుంటున్నట్టు ఉంటుంది. వాణ్ణి వెంటబెట్టుకుని స్కూలుకి నడుస్తాను. ఇంక ఏ పుస్తకంలోనూ దొరకదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసనుకుంటాను.