మా అక్కను దయ్యం చేసిన కథ

దయ్యాల నవలలంటే నాకు అసహ్యం లేదు. చిక్కపేట చీరల దుకాణంలో మడతలు వేస్తూ, అద్దె పుస్తకాలతో చదువు నేర్చుకున్నవాణ్ణి. తలలు తెగిపడే నవలలు అన్నం తింటూ చదివాను. కాబట్టి ఈ ముసలాడు నెత్తురు చూసి జడుసుకున్నాడని ఎవరూ అనుకోవద్దు.

వర్తూరులో మా అక్క ఇల్లు ఉంది. ఆ ఇంటి వంటగదిలోనే మా బావ ఆమెను రోకలితో కొట్టి చంపాడు. పప్పులో ఉప్పెక్కువైందట. మొదటి దెబ్బకు దవడ విరిగింది. పాకుతూ పెరటి తలుపు దాకా వెళ్లింది. అక్కడ తల మీద కొట్టాడు. ఊపిరి పోయాక కూడా కొడుతూనే ఉన్నాడు. గోడకు వెంట్రుకలతో సహా అంటుకున్నదాన్ని నేనే గీకి కడిగాను. వాళ్ల చిన్నపిల్ల పక్కగదిలో మంచం కింద నుంచి అంతా చూసింది.

పోయింది ధనిష్ఠలో. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలన్నారు పెద్దలు. తాళం వేసి, గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టి, బిడ్డను మా ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆచారం తెలియని చుట్టుపక్కలవాళ్లు ఆ కంప చూసి లోపల దయ్యం ఉందన్నారు. మేం నక్షత్రానికి భయపడి మూస్తే వాళ్లు మా అక్కకు భయపడ్డారు. పుకారు పుట్టింది అక్కడే.

ఆ బిడ్డ ఇప్పుడు యాభై దాటిన మనిషి. ఒంటరిగా ఆ ఇంట్లోనే ఉంటూ, మేడ మీది వాటా అద్దెతో బతుకుతోంది. ఈ మధ్య హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడొకడు ఆ పాత పుకారు పట్టుకుని, భాగాలు భాగాలుగా ఫోన్లో వినే దయ్యం కథ మొదలుపెట్టాడు. వీధి, గేటు, నీలం తలుపు, అన్నీ ఆ ఇంటివే. కథలో చచ్చిన ఆడమనిషి రోకలి పట్టుకుని వచ్చి, అద్దెకు దిగినవాళ్ల పసిపిల్లల పుర్రెలు పగలగొడుతుంది. విన్నవాళ్లు వచ్చి తలుపు మీద ఎర్రరంగు చేతిముద్రలు కొట్టిపోయారు. ఎవడో కిటికీలోకి రాయి విసిరితే మేడ మీద అద్దెకున్న ఆవిడ నుదురు చిట్లింది. వాళ్లు ఖాళీ చేశారు. కొత్తవాళ్లు ఎవరూ రావడం లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే నా మేనకోడలు ఇల్లు అమ్ముకుని పోవాల్సిందే.

ఒక ఆదివారం పొద్దున ఆ కుర్రాడే కెమెరాతో గేటు దగ్గరికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"అంకుల్, లోపల ఫైవ్ మినిట్స్ షూట్ చేసుకోవచ్చా? ఆ కథ నాదే."

కాలరు పట్టి గోడకు అదిమాను.

"సచ్చింది ఆమె, దయ్యమూ ఆమేనా? సంపినోడు యాడ పోయినాడప్పా నీ కథలో?"

"అంకుల్, అది ఫిక్షన్. మీకు హారర్ అలవాటు లేదనుకుంటా."

"మీ అమ్మ పుట్టకముందు నుంచి సదువుతా ఉండా. నీది ఉత్త సప్పగా ఉండాది."

మేనకోడలు బయటికొచ్చింది.

"వదులు మామా. కొడితే దాన్నీ కథ చేసుకుంటాడు. నువ్వు లోపలికి రాప్పా, చూపిస్తా."

వంటగదిలో నిలబెట్టి చెప్పింది. దవడ విరిగినప్పుడు చప్పుడెలా వచ్చిందో చెప్పింది. పళ్లు ఏ మూలకు దొర్లాయో వేలుపెట్టి చూపించింది. తల్లి కన్నొకటి తెరుచుకునే ఉండి, మంచం కింద ఉన్న తననే చూస్తూ ఆగిపోయిందంది. తండ్రి రోకలి కడిగి గోడకు ఆనించి, మిగిలిన అన్నం పెట్టుకుని తిన్నాడంది. ఆ చివరిమాట ఇన్నేళ్లలో నాకు కూడా చెప్పలేదు.

కుర్రాడు కెమెరా అక్కడే పెట్టి తొట్టి దగ్గరికి పరిగెత్తి కక్కుకున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు పోసింది.

"మీ ఫాదర్ ఏమయ్యారాంటీ?" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"జైలు నుంచి వచ్చి, నిద్దట్లో పోయినాడు. ఆయప్ప దయ్యమైనాడని ఎవురూ అనల్యా."

"నన్నేం చెయ్యమంటారు?"

"మా యమ్మ చేతిలోంచి రోకలి తీసెయ్. అది కాదంటే మా ఇంటి గుర్తులన్నా తీసెయ్."

"కథంతా రోకలి మీదే ఉంది ఆంటీ."

ఆ వారమే గుర్తులు తీసేశాడు. వీధి మారింది, తలుపు రంగు మారింది. వచ్చిపోయే మూకలు ఆగాయి. మేడ మీదికి ఒక నర్సు కుటుంబం దిగింది. నా మేనకోడలు ఇల్లు అమ్మలేదు. అంతవరకు సరే. కానీ కొత్త భాగాలు కూడా నేను విన్నాను. ఆ ఆడమనిషి పసిపిల్లల్ని చంపుతూనే ఉంది. ఆమెకొక మొగుడు ఉండేవాడని ఎక్కడా ఒక్క మాట లేదు.