అక్కయ్య బండి ఇరుసు

మా కోడలు ఎర్రగా కాల్చిన పోపు గరిటెను మజ్జిగపులుసులో ముంచినప్పుడల్లా చుయ్‌మంటూ లేచే ఆ కాలిన ఇనుము వాసనకి, ఇన్నేళ్ళయినా నాకు తునిలోని కమ్మరి వీరన్న కొలిమి గుర్తొస్తుంది, గుర్తొచ్చిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

నాన్నగారు బెల్లం వ్యాపారి. మా తాతగారి నాటి పాత గూడుబండి ఒకటి మాకుండేది. ఆ వేసవిలో మా అక్కయ్యని కాకినాడకి కాపురానికి పంపాలని ముహూర్తం పెట్టారు. ఇల్లంతా మామిడిపళ్ళ వాసన, పెరట్లో అరిసెల పాకం వాసన, వసారాలో కొత్త చీరల గంజివాసన. అన్నీ అక్కయ్యకే. నేనొక అరిసె మీద చెయ్యి వేస్తే, "అది సారెకే, ముట్టుకోకు" అని అమ్మ కసిరేది. అక్కయ్య ముచ్చటపడిందని నా అష్టాచెమ్మా గవ్వలు కూడా దాని పెట్టెలో సర్దేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రయాణం దగ్గరపడ్డాక, బెల్లం దిమ్మెలు ఎక్కువ వేసుకుని వస్తున్న బండి కాలవగట్టు దిగుతూ గోతిలో పడి, ఇనుప ఇరుసు వంగిపోయింది. చక్రం ఒకవైపు వాలి బండి చట్రానికి కీచుమంటూ రాసుకునేది. మా ఇళ్ళలో ఆడపిల్లని మొదటిసారి కాపురానికి పంపేది సొంత బండిలోనే. అరువు బండిలో దిగితే అత్తవారింట్లో జీవితాంతం దెప్పుతారు. ఎదురింటి శెట్టిగారు తమ బండి ఇస్తానన్నా నాన్నగారు ఒప్పుకోలేదు.

దుకాణం గద్దె దిగని మనిషి, వీరన్న కొలిమి దగ్గర ఆ పొగలో గొంతుక్కూర్చుని తనే తిత్తి ఊదారు.

"తొందరపెట్టకండి బాబూ, ఇనుము విరిగిపోద్దండి," అన్నాడు వీరన్న.

"విరిగితే నా పిల్ల పరువు పోతుందోయ్!"

ఇరుసు విరిగితే కొబ్బరికాయ కొడతానని నేను తలుపులమ్మ తల్లికి మొక్కుకున్నాను. ఎర్రబడ్డ ఇరుసుని దాగలి మీద పెట్టి సమ్మెటతో మోదుతూ, ఆ పక్కా ఈ పక్కా తిప్పుతూ, దారం పట్టి చూస్తూ, మళ్ళీ నిప్పుల్లో పెడుతూ, పొద్దు వాలేసరికి వీరన్న దాన్ని తిన్నగా చేసేశాడు. నాన్నగారు ఒక కన్ను మూసి ఇరుసు పొడుగునా చూసి, చంటిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు ఉత్తరీయంతో దాన్ని తుడిచారు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. నా వైపు ఒక్కసారైనా చూడలేదు.

మెత్తగా గడ్డి పరిచి, పైన జంపఖానా వేసి అక్కయ్యని బండెక్కించారు. నాన్నగారు బండి పట్టుకుని ఊరి పొలిమేర దాకా నడిచారు.

నా వంతు వచ్చేసరికి తునికి రైలు వచ్చింది. "రైలుండగా బండెందుకే పిచ్చిదానా!" అని నాన్నగారు సంబరంగా టిక్కెట్టు కొని ఎక్కించారు. ఆయన చెబుతున్న మాట పూర్తవకుండానే రైలు కదిలింది. నా కోసం ఎవరూ ఏ కొలిమీ రాజెయ్యలేదు. ఆ తర్వాత బండి అమ్మేశారు. వీరన్న పోయాడు, ఆ చోట ఇప్పుడు బియ్యం కొట్టు ఉంది.

మొన్న అక్కయ్య వచ్చింది. తల నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి. మాటల్లో ఆ ప్రయాణం వచ్చింది.

"నడుం విరిగిందే ఆ డొక్కు బండిలో. నిన్నేమో మహారాణిలా రైలెక్కించారు. మొదట్నించీ నాన్నకి నువ్వంటేనే ప్రాణం," అంది మూతి ముడుచుకుని.

నాన్నగారు పోయి ఏళ్ళు గడిచాయి. ఆయన కోసం మేమిద్దరం ఇంకా కుళ్ళుకుంటూనే ఉన్నాం.