స్టెప్నీ ఒక్కటే వేరే సైజు

2023 వానాకాలం ముగిసే రోజులు. సూరత్‌లో ఆల్థాన్ వైపు మా టైర్ల దుకాణం. టైర్లు ఎక్కించడం, వీల్ అలైన్‌మెంట్ మా ఆయన చూస్తారు. వచ్చినవాళ్ళతో మాట్లాడి, ఏ కారుకు ఏ టైరు సరిపోతుందో చెప్పేది నేను. ఏళ్ళ తరబడి చేస్తున్న పని కదా, సైజుల దగ్గర తికమకపడే రోజులు ఎప్పుడో దాటేశాననుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం డిండోలి నుంచి రవి, అతని భార్య లావణ్య వచ్చారు. అతను కారులో, ఆమె ఆటోలో. ఒకే ఇంటి నుంచి ఇలా విడివిడిగా రావడమేమిటో నాకు అర్థం కాలేదు. రవి వాళ్ళ నాన్న మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. రవి చీరల శాంపిళ్ళు పట్టుకుని వాపి, భరూచ్ తిరుగుతాడు. ఆ తిరుగుడు కోసమే పాత కారొకటి కొన్నాడు. లావణ్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది.

“అక్కా, స్టెప్నీ మార్చాలె. నాలుగు టైర్లు ఒక సైజు, ఇదొక్కటే వేరే ఉన్నది,” అన్నాడు రవి, డిక్కీలోని అదనపు టైరు చూపిస్తూ. “మీటర్ గూడ జర చూడుండ్రి. ఈమె ముందటనే చూడుండ్రి.”

కారుకున్న నాలుగు టైర్ల మీదా 205/65 R15 అని ఉంది. స్టెప్నీ మీద 185/65 R15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరి పదిహేను లోపలి రిమ్ కొలత, అంగుళాల్లో. నాలుగు ఒకలా ఉండి ఒకటి తేడాగా ఉంటే తప్పు ఆ ఒక్కదానిదేనని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి, లోపలి నుంచి 205 టైరు తీసుకురమ్మని మా ఆయనకు చెప్పబోయాను.

అప్పుడు లావణ్య దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. “అక్కా, కారు మీటర్ తప్పు చూపెడ్తదా?”

“ఎందుకమ్మా?”

“మా తమ్మునికి హైవే మీద యాక్సిడెంట్ అయింది. కాలు ఇంకా బరాబర్ కాలే. ఎనభై దాటి నడపనని ఈయన నాకు మాటిచ్చిండు. ఫోన్‌ల స్పీడు చూపెట్టే యాప్ ఏసుకొని ఎనభైకి అలారం పెట్టుకున్న. నేను కూసున్నప్పుడల్లా అది మోగుతనే ఉంటది. అడిగితే మీటర్ల ముల్లు ఎనభై కిందనే ఉన్నదంటడు. నేనిగ ఆ కారెక్కుత లేను.”

“నీకు ఫోన్ మీద ఉన్న భరోసా నా మీద లేదు,” అన్నాడు రవి. “నీ కండ్లతోని ముల్లు చూసినవు కదా!”

“నేను చూసే టైంకు నువ్వు తగ్గిస్తవు.”

అప్పుడు మొదలైంది నా తికమక. సాధారణంగా కారు మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. అలా చూస్తే ఫోన్‌లో తక్కువ రావాలి. ఇక్కడ అంతా తిరగబడింది. ఫోన్‌లోనే ఏదో లోపం ఉందనుకుని, మా ఆయన కారు నడుపుతుంటే నేను పక్కన నా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నా ఫోన్‌లోనూ అంతే, ముల్లు కంటే ఎక్కువే. టైర్లలో గాలి చూశాం, సరిగానే ఉంది. భార్యాభర్తల్లో ఎవరు అబద్ధం చెబుతున్నారో తేల్చమన్నట్టు ఇద్దరూ నా ముఖం చూస్తున్నారు. నాకేమో ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుంది. అదెలా కుదురుతుంది?

మళ్ళీ స్టెప్నీ దగ్గరికి వెళ్ళాను. దాన్ని నేల మీద నిలబెట్టి, కారు చక్రం ఒకటి విప్పి పక్కన పెట్టమన్నాను. విప్పినది కాస్త ఎత్తుగా కనిపించింది.

“గదెట్ల?” అన్నాడు రవి. “రెండిటి మీద అరవై అయిదే ఉన్నది కదా. ఎత్తు ఒకటే ఉండాలె.”

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఆ అరవై ఐదు మిల్లీమీటర్లు కాదు, శాతం. రిమ్ అంచు నుంచి నేల దాకా ఉండే రబ్బరు ఎత్తు, టైరు వెడల్పులో అరవై ఐదు శాతం అని అర్థం. వెడల్పు పెరిగితే ఆ అంకె మారకుండానే ఎత్తూ పెరుగుతుంది. ఇలా చెప్పాను కానీ రవికి నమ్మకం కుదిరినట్టు లేదు.

లావణ్య తన సంచిలోంచి కుట్టుపని టేపు తీసింది. టేపు పొడవు చాలక, దారం చుట్టి దాన్ని కొలిచింది. ముందు స్టెప్నీ, తర్వాత రెండోది. దారంలో నాలుగు వేళ్ళకు పైగా తేడా వచ్చింది. ఆ దారాన్ని అలాగే పట్టుకుని నా వైపు చూసింది.

“చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది,” అన్నాను. “మీటరేమో కంపెనీ ఇచ్చిన చక్రం లెక్కనే చుట్లు లెక్కపెడుతుంది. అది చిన్నదై ఉంటే, అసలు వేగం కంటే తక్కువే చూపిస్తుంది.”

అయినా ఏది అసలు సైజో తేలలేదు. మామూలుగా డ్రైవరు వైపు తలుపు దగ్గర, కంపెనీ ఇచ్చిన సైజు, గాలి ఎంతుండాలో రాసిన స్టిక్కరు ఉంటుంది. ఈ కారుకు మళ్ళీ రంగు వేయించడంతో అది పోయింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ఛాసిస్ నంబరు చెప్పాను. ఆ కారుకు ఇచ్చింది 185 అన్నారు. ఎవరూ వాడకుండా డిక్కీలో పడి ఉన్న స్టెప్నీ ఒక్కటే సరైనది. పాత యజమాని ఎవరో, కారు బలంగా కనిపించాలని కాబోలు, పెద్ద కారు టైర్లు తగిలించాడు.

రవి స్టూలు మీద కూర్చుండిపోయాడు. “అంటే నేను నిజంగనే ఎనభై దాటిన అన్నట్టే గద?”

“దాటినవు,” అంది లావణ్య. “గని అబద్ధం చెప్పలే.”

ఆమె గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కారు టైర్లు ఎలాగూ అరిగిపోవడానికి వచ్చాయి. నాలుగూ 185/65 R15 వేశాం. సైజు పక్కన ఉండే 88H కూడా స్టెప్నీ మీద చూసి అదే ఇచ్చాను. 88 ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు, H అది తట్టుకునే గరిష్ఠ వేగానికి. కంపెనీ చెప్పినదాని కంటే అవి తగ్గకూడదు. మళ్ళీ ఫోన్ పెట్టి నడిపి చూస్తే, ఈసారి ముల్లే ఒక పిసరు ఎక్కువ చూపించింది. వెళ్ళేటప్పుడు లావణ్య ఆటో పిలవలేదు. ముందు సీట్లో కూర్చుంది.

ఇప్పుడు కారుకు ఏ టైర్లు ఉంటే అవే మళ్ళీ ఇచ్చేయను. కంపెనీ ఏ సైజు ఇచ్చిందో ముందు కనుక్కుంటాను. నాలుగు ఒకలా ఉన్నంత మాత్రాన ఐదోది తప్పని అనుకోను. ఇద్దరు మనుషులు గొడవపడుతూ లోపలికి వస్తే మాత్రం, వాళ్ళలో అబద్ధం ఎవరిదని వెతకడం మానేశాను.