మోచేతి వరకూ కోమో సరస్సు

ఇటలీలో మా నాన్నగారికి నేను తీసిన ఫొటోలు మూడు వందల పైచిలుకు. వాటిలో ఆయన మొహం కనిపించేవి నాలుగు. మిగతా అన్నిట్లోనూ వీపే. ఎదురుగా కొండలు, పసుపు రంగు మేడలు, తెల్ల పడవలు. ఈయన మాత్రం చొక్కా చేయి మడిచి, ఒడ్డున గొంతుక్కూర్చుని, కుడి చేయి మోచేతి వరకూ నీళ్ళలో పెట్టి ఉంటారు.

తప్పు ఆయనది కాదు. మా నాన్న వెంకట్రాజు గారికి కలిదిండి దగ్గర రెండు చేపల చెరువులున్నాయి. ఇరవై రెండేళ్ళుగా రోజూ నాలుగింటికి లేస్తారు, గట్టు మీదకు వెళ్తారు, నీళ్ళలో చేయి ముంచుతారు. అరచేయి కనిపించకపోతే నీళ్ళు పచ్చగా ఉన్నట్టు, చేపకు తిండి ఉన్నట్టు. కనిపించిందంటే ఆ రోజు ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకోవాలి. మబ్బేసి గాలి ఆగిపోతే ఇంకా గండం. నీళ్ళలో ఊపిరాడక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరేటర్లు, అంటే నీళ్ళను చిలికే మోటార్లు, వెంటనే తిప్పాలి. లేకపోతే తెల్లారేసరికి చెరువంతా చచ్చిన చేపలతో తెల్లగా తేలుతుంది. మా పిన్ని పెళ్ళి భోజనాల్లో ఆయన పప్పు దగ్గరే లేచి వెళ్ళిపోయారు, ఆకాశం నచ్చలేదని.

అమ్మానాన్నల పాతికేళ్ళ పెళ్ళిరోజు వస్తోందని, ఏం కావాలో అమ్మని అడిగాను.

"నాకేం వద్దే తేజూ. మీ నాన్నగారు ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, చెరువు మాట ఎత్తకుండా నా పక్కన కూర్చుంటే చాలు."

"నాది పూచీ," అన్నాను.

ఏలూరులో ఇంజనీరింగ్ చదివిన బుర్ర కదా, ఇక ఆగలేదు. మూడు నెలలు యాప్‌లో ఇటాలియన్ నేర్చుకున్నాను. నలభై ఆరు వరుసల ఎక్సెల్ షీట్ తయారు చేశాను. ఫొటోల్లో కొండల రంగుకి నప్పుతాయని అమ్మకి చీరలు కూడా నేనే ఎంచాను. టిక్కెట్లు కొన్నాక నాన్నకు చెప్పాను, ముందు చెబితే రారని. అన్నీ ఆలోచించాను. చెరువు మర్చిపోవాల్సిన మనిషిని ఏరి కోరి మరో చెరువు గట్టుకే తీసుకెళ్తున్నానని మాత్రం ఒక్క వరుసలో కూడా తట్టలేదు. ఏ ఎడారికో బుక్ చేసినా సరిపోయేది.

కోమో సరస్సు ఒడ్డున దిగిన గంటకే నాన్న చేయి ముంచారు. అరచేయే కాదు, దాని కింద రాళ్ళు, రాళ్ళ మీద నాచు, అన్నీ కనిపించాయి.

"ఏముందమ్మడూ ఇందులో? చేప ఏం తిని బతుకుతుంది?"

"నాన్నగారూ, ఇంత శుభ్రంగా ఉంటుందనే ప్రపంచమంతా ఇక్కడికి వస్తుందండీ."

"మనుషులొస్తారు. చేపలొస్తాయా?" ఆయన చేయి విదిలించి సరస్సు మొత్తాన్నీ జాలిగా చూశారు. "ఓ వంద ట్రాక్టర్ల పేడ తోలిస్తే దారికొస్తుంది."

నేను చుట్టూ చూశాను, తెలుగొచ్చిన వాళ్ళెవరైనా ఉన్నారేమోనని.

మేం దిగిన ఇంటి యజమానురాలు పెద్దావిడ. ఈయన రోజుకు ఆరుసార్లు చేయి తడుపుకుని రావడం చూసి, రెండో రోజుకల్లా మెట్ల దగ్గర ఒక తువ్వాలు పెట్టింది. ఆవిడకి విషయం వివరించాలని నా ఇటాలియన్ మొత్తం బయటికి తీశాను. మూడు నెలల చదువులోంచి వచ్చిన వాక్యం ఒకటే: "మా నాన్నకు చేపలంటే ఇష్టం." ఆ పూట నుంచి పూటపూటకీ చేపే వండింది. మా నాన్న చేప తినరు. మేత వేసిన చేత్తో తినలేనంటారు. అన్నీ నేనే తిన్నాను, నా వాక్యం కదా.

మూడో రోజు పెళ్ళిరోజు. ముందు రోజే నేను ఇంకో తెలివైన పని చేశాను. చెరువులు చూసుకునే తాతాజీకి ఎవరూ చూడకుండా ఫోన్ చేశాను.

"బాబాయ్, రేపు ఒక్క రోజు నాన్నగారికి ఫోన్ చెయ్యొద్దు. ఏమొచ్చినా మీరే చూసుకోండి."

"ఏమొచ్చినా అంటే ఏటండీ, చిన్నమ్మగారూ?"

"ఏమొచ్చినా!"

"ఆయ్, అలాగేనండి," అన్నాడు, అనుమానంగా.

పొద్దున్నే నాన్న బుద్ధిగా తన ఫోన్ అమ్మ హ్యాండ్‌బ్యాగులో వేశారు. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నారు. ఇద్దరినీ సరస్సుకెదురుగా బెంచీ మీద కూర్చోబెట్టి నేను వీడియో మొదలుపెట్టాను.

"ఎండగా ఉంది," అన్నారు నాన్న.

"అవునండీ."

"కాఫీ తాగుతావా కుసుమా?"

"ఇందాకే తాగాం కదండీ."

తర్వాతి పదకొండు నిమిషాలూ నా వీడియోలో పడవ చప్పుడు, మధ్య మధ్య "దగ్గరికి జరగండి" అని నా గొంతు మాత్రమే ఉన్నాయి.

ఒంటిగంటకు ఒడ్డు మీద హోటల్లో భోజనానికి కూర్చున్నాం. అప్పుడే కొండల వెనక నుంచి మబ్బు వచ్చింది. టేబుళ్ళ మీది గొడుగుల అంచులు ఊగడం మానేశాయి. సరస్సు గిన్నెలో పోసిన నూనెలా నిలబడిపోయింది. నాన్న తల వంచుకుని కంచంలోకే చూస్తున్నారు. అమ్మ ఫోర్కు కింద పెట్టింది.

"ఏవండీ."

"నేనేం అనలేదు కుసుమా."

"మీరనలేదు, నేనంటున్నాను. గాలి ఆగింది."

"అమ్మా, ఇక్కడ మబ్బేస్తే కలిదిండిలో ఏమవుతుందే?" అన్నాను, నా షీటు కూలిపోతోందని.

"ఆ మాత్రం నాకూ తెలుసులే. మనూళ్ళో ఇప్పుడు నాలుగున్నర. నిన్నంతా అక్కడ ముసురుగా ఉందన్నాడు తాతాజీ. రెండో రోజు కూడా మబ్బుంటే చేప తట్టుకోదు."

బ్యాగులోంచి తన ఫోన్ తీసి, స్పీకర్ ఆన్ చేసి, తాతాజీకి కలిపింది. మోగీ మోగకముందే ఎత్తాడు.

"అమ్మగారండీ! పొద్దుట్నించీ ఫోను చేత్తో పట్టుకునే కూచున్నానండి. చెయ్యొద్దని చిన్నమ్మగారి ఆర్డరండి!"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను టేబుల్ గుడ్డ మీది నిమ్మకాయల బొమ్మల్ని లెక్కపెట్టసాగాను.

"మధ్యాహ్నం నుంచీ కరెంటు లేదండి. జనరేటరు ఒకటి, చెరువులు రెండండి. దేనికి పెట్టమంటారండీ?"

నాన్న ఫోన్ కోసం చేయి చాచారు. అమ్మ ఇవ్వలేదు.

"చేప పైకొచ్చిందా?"

"చిన్న చెరువులో తూము మూల నోళ్ళు తెరిచినట్టే ఉందండి."

"జనరేటరు పెద్ద చెరువుకి పెట్టు. పక్క చెరువు హనుమంతరావు గారి ఇంజిను అడుగు, నేనడిగానని చెప్పు. దాంతో చిన్నదానికి తూము దగ్గర్నుంచే కాలవ నీళ్ళు తోడు. రేపు పొద్దున్న మేత సంచులు కట్టకు. సర్దుకోగానే ఫోన్ చెయ్యి. ఎవరి ఆర్డరైనా సరే, చెయ్యి."

నేను నిమ్మకాయల లెక్క ఆపేశాను. "నీకివన్నీ ఎలా తెలుసమ్మా?"

"నాలుగింటికి గట్టు మీదకి మీ నాన్నగారికి టీ ఎవరు తీసుకెళ్తున్నారనుకున్నావే? నువ్వు లేచేది ఎనిమిదింటికి కదా."

నాన్న చాచిన చేయి వెనక్కి తీసుకున్నారు. మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలారు. తల పైకెత్తారు.

"కుసుమా, ఆ కొండ మీద ఇళ్ళున్నాయి చూశావా?"

"మూడ్రోజుల్నుంచీ ఉన్నాయండీ."

"అంత పైకి నీళ్ళెలా ఎక్కిస్తున్నారో!"

"ఇదిగో, నీళ్ళ మాటెత్తారు."

"తాగే నీళ్ళే తల్లీ. చెరువు మాట కాదు."

అమ్మ నవ్వింది. ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంది, చెవి అటే ఉంది. ఆయన మాత్రం ఆవిడ వైపు తిరిగి, ఆ కొండ మీద ఇల్లుంటే సామాన్లు ఎలా మోస్తారో, ముసలాళ్ళు ఎలా ఎక్కుతారో, మనమైతే ఎన్నిసార్లు ఆగుతామో అడుగుతూనే ఉన్నారు. మొహం కనిపించే నాలుగు ఫొటోలూ అప్పటివే. వీడియో తీయడం నాకు గుర్తే రాలేదు.

గంటంబావు తర్వాత తాతాజీ ఫోన్ చేశాడు. ఇంజిను తిరుగుతోందట. చేప కిందికి దిగిందట.

"చిన్నమ్మగారికి ఓ మాట చెప్పండమ్మగారూ. ఈసారి ఊరెళ్ళేటప్పుడు, ఏమొచ్చినా అంటే ఏమేమి వస్తేనో కాయితం మీద రాసిచ్చి వెళ్ళమనండి."

"రాయిస్తాలే తాతాజీ," అంది అమ్మ. "దానికి ఎక్సెల్ బాగా వచ్చు."