నేను అడ్మిన్‌గా ఉన్న గల్లీ

మా గల్లీ వాట్సాప్ గ్రూపును మొదలుపెట్టింది నేనే. మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్‌కు పది నిమిషాల నడక. పొద్దున్నే రైలెక్కి సర్కారు ఆఫీసుకు పోతే మళ్లీ చీకటి పడే వేళకే రావడం. పగలంతా గల్లీలో ఏం జరిగిందో తెలిసేది కాదు. నల్లా ఎప్పుడొస్తుంది, కరెంటు ఎందుకు పోయింది, చెత్త బండి వచ్చిందా లేదా, ఇట్లాంటివి తెలుసుకోవడానికి ఒక గ్రూపు పెట్టాను. వారం తిరిగేసరికి గల్లీ అంతా అందులో చేరింది.

అందులో అందరికంటే ఎక్కువ రాసింది మా ఎదురింటి పెద్దాయన. ఒక తెలుగు దినపత్రికలో ముప్ఫై ఏళ్లు ప్రూఫ్ రీడర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. భార్య లేదు. ఒక్కడే ఉంటాడు. గల్లీలో అందరూ సార్ అనే పిలుస్తారు. ఆయన రోజూ పొద్దున నీళ్లు ఆగిపోగానే నాలుగు వాక్యాలు రాసేవాడు. "ఈ ఉదయం నీళ్లు ఆరు పదికి వచ్చి ఆరున్నరకు ఆగినవి. మొదటి రెండు బిందెలు పసుపు రంగులో ఉన్నవి. వాసన ఉన్నది. కాచి తాగగలరు." చుక్క ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేది. తెలుగు చదవడం రాని ఇళ్ల కోసం అదే సంగతిని ఉర్దూలో చెప్పి వాయిస్ పెట్టేవాడు. మొదట్లో పిల్లలు నవ్వుకున్నారు. తర్వాత ఆయన మెసేజ్ చూడకుండా ఎవరూ కాగు పొయ్యి మీద పెట్టలేదు. రైల్లో నిలబడి ఆ నాలుగు వాక్యాలు చదువుకుంటే నాకు గల్లీలోనే ఉన్నట్టు అనిపించేది.

ఒక ఆదివారం ఫంక్షన్ హాల్లో వార్డు సభ పెట్టారు. మా గల్లీ నుంచి ఏడెనిమిది మందిమి పోయాం. మా డ్రైనేజీ పైపు ఎప్పుడో పగిలింది, దానివల్లే నల్లా నీళ్లకు ఆ వాసన. పెద్దాయన లేచి నిలబడి ఆ పైపు ఎప్పుడు మారుస్తారని అడిగాడు.

కార్పొరేటర్ నవ్వుతూనే జవాబిచ్చాడు. "పని అయిపోయింది గద పెద్దాయనా. గల్లీ ముందట బోర్డు గూడ పెట్టినం. సూడలేదా?"

బోర్డు నిజంగానే ఉంది. ఆ వారమే స్తంభానికి కట్టారు. దాని మీద పని పేరు, కింద 'పూర్తయినది' అని రాసి ఉంది. గల్లీలో ఒక్క గడ్డపార కూడా పడలేదు. ఇంటికి వస్తూ పెద్దాయన బోర్డుకు ఒక ఫోటో, రోడ్డుకు ఒక ఫోటో తీశాడు. సాయంత్రం గ్రూపులో రెండూ పెట్టి కింద ఇట్లా రాశాడు: "పని పూర్తయినట్లు బోర్డు ఉన్నది. గల్లీలో ఎక్కడా తవ్విన గుర్తు లేదు. సభలో అడిగితే బోర్డు చూడమన్నారు. చూశాము."

అంతే రాశాడు. గ్రూపులో ఎవరో దాన్ని తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. రెండు రోజుల్లో మా ఆఫీసులో నా పక్క సీటు ఆమె కూడా "ఇది మీ గల్లీయేనా" అని చూపించింది. నాకు గర్వంగానే అనిపించింది. ఆ మాట దాచను.

మూడో రోజు కార్పొరేటర్ మనిషి ఒకతను మా ఇంటికి వచ్చాడు. బూట్లు బయటే విడిచి, కుర్చీ అంచున కూర్చుని చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అక్కా, గ్రూపు మీదేనట గద. అన్నకు మస్తు బాధయింది. జర అది తీసేయిండ్రి."

"నేను రాయలేదు తమ్మీ. ఉన్నదే రాసిండు ఆయన."

"ఉన్నది లేనిది మనకెందుకక్కా. మీరు నౌకరీ చేసుకునేటోళ్లు. మీకెందుకీ లొల్లి."

నేను తీయలేదు. పెద్దాయనకు చెప్తే, "పేపర్ల వస్తే ఎవరూ కాదనలేరమ్మా" అన్నాడు. తను పనిచేసిన పత్రికకే మా ఏరియా వార్తలు పంపే విలేకరిని పిలిచి, ఫోటోలు ఇచ్చి, వార్త తనే రాసి ఇచ్చాడు. విలేకరి దాన్ని చదువుకుని, "సార్, ఒక్క అక్షరం మార్చేది లేదు" అన్నాడు. రెండు రోజులు పెద్దాయన పొద్దున్నే పేపర్ తెప్పించుకుని లోకల్ పేజీ తిరగేశాడు. రాలేదు.

ఆ తర్వాత ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. పెద్దాయన, నేను ఇద్దరం రావాలన్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి పోయాను. బెంచీ మీద గంటన్నర కూర్చోబెట్టాక ఎస్సై పిలిచాడు.

"మేడం, అడ్మిన్ మీరే గద. గ్రూపుల ఎవలేది పెట్టినా జవాబు మీరే చెప్పాలె."

"అది ఫోటో సార్. బోర్డు ఉన్నది, పని కాలేదు. వచ్చి చూస్తే తెలుస్తది."

"చూసుడు నా పని గాదు. తప్పుడు ప్రచారమని కంప్లయింట్ వచ్చింది. కేసు రాస్తే మీ ఆఫీసుకు గూడ లెటర్ పోతది. మీ ఇష్టం."

ఆఫీసు పేరు ఎత్తగానే నాకు భయమేసింది. నా జీతం మీదే మా ఇల్లు నడుస్తుంది. పెద్దాయన నా వైపు చూశాడు. తర్వాత ఎస్సైతో, "ఏం రాసియ్యాలె?" అన్నాడు.

కానిస్టేబుల్ అప్పటికే క్షమాపణ పత్రం రాసి పెట్టాడు. తాను పెట్టినది అవాస్తవమని, ఇకపై ఇటువంటివి పెట్టనని అందులో ఉంది. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. జేబులోంచి పెన్ను తీసి 'అవాస్థవం'లో ఒత్తు దిద్దాడు. 'క్షమాపన'ను 'క్షమాపణ' చేశాడు. రెండు వాక్యాల మధ్య చుక్క పెట్టి, కింద సంతకం చేశాడు. ఎస్సై అది చూసి, "మంచిగ చదువుకున్నరు పెద్దాయనా" అన్నాడు. ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

నా వంతుగా ఫోన్ తీయమన్నారు. ఆ పోస్టు తీసేశాను. ఇకపై అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయకుండా సెట్టింగ్ మార్చాను. ఇంటికి వచ్చి మర్యాదగా మాట్లాడిన ఆ మనిషిని కూడా గ్రూపులో చేర్చి అడ్మిన్‌ను చేయమన్నారు. చేశాను. ఎస్సై ఫోన్ తీసుకుని ఒకసారి చూసి తిరిగి ఇచ్చాడు.

బయటికి వచ్చాక ఆటోలో, "నా వల్లనే సంతకం పెట్టిండ్రు సార్" అన్నాను.

"నీ వల్ల గాదు. నాకు గూడ భయమైంది" అన్నాడు.

రెండు రోజులకు ఆయన పాత పత్రికలో లోకల్ పేజీ కింద నాలుగు లైన్ల వార్త వచ్చింది. తప్పుడు ప్రచారం చేసిన వృద్ధుడు క్షమాపణ చెప్పాడని. డ్రైనేజీ మాట ఎక్కడా లేదు. విలేకరి ఆ సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సార్, మీ వార్త నేను పంపిన. ఆఫీసు డెస్కుల ఆగింది. ఇదెట్ల వచ్చిందో నాకు తెల్వదు." పెద్దాయన అతన్ని లోపలికి రమ్మని చాయ్ పోసి ఇచ్చాడు.

గ్రూపు మాత్రం ఆగలేదు. రోజూ ఫోటోలు వస్తాయి: కార్పొరేటర్ పుట్టినరోజు, కార్పొరేటర్ పర్యటన, పండుగ శుభాకాంక్షలు. మెసేజ్ ఎందుకు పోతలేదని ఆడవాళ్లు అడిగితే, ఫోన్‌లో ఏదో సెట్టింగ్ మారిందని చెప్పాను. కొన్నాళ్లకు ధైర్యం చేసి ఇంకో గ్రూపు పెట్టాను. పదకొండు మంది చేరారు. వారం దాకా ఎవరూ ఏమీ రాయలేదు. ఆ తర్వాత ఎవరో గులాబీ పువ్వు బొమ్మ పెట్టి గుడ్ మార్నింగ్ అన్నారు. ఆ గ్రూపులో అదొక్కటే మెసేజ్.

ఒక పొద్దున నీళ్లు పట్టుకుంటూ పెద్దాయనను అడిగాను. "సార్, నీళ్ల సంగతన్న రాయొచ్చు గద. కొత్త దాంట్ల."

"ఎందుకమ్మా. అందరింట్ల నల్లా ఉన్నది. ఎవలది వాళ్లు చూసుకుంటరు." బిందె ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మొన్నటి వానలకు గల్లీ చివర, పల్లంలో ఉన్న ఇంట్లోకి డ్రైనేజీ నీళ్లు వచ్చాయి. ఆ ఇంటామె గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలు తెచ్చి మాల కట్టి అమ్ముకుంటుంది. మోకాళ్ల దాకా తడిసిన చీరతో ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అక్కా, జర గ్రూపుల పెట్టు. అందరు చూస్తే ఎవలన్న వస్తరేమో. నేను పెడితే పోతలేదు."

"నాకు పంపు, పెడత" అన్నాను.

నాలుగు ఫోటోలు పంపింది. ఇటుకల మీదికి ఎత్తిన మంచం, నీళ్ల మీద తేలుతున్న బంతిపూల మూట కనిపించాయి. వేలు బటన్ దాకా పోయింది. ఎస్సై గొంతు గుర్తొచ్చింది. ఫోన్ పక్కన పెట్టి వంట చేసుకున్నాను.

మర్నాడు పొద్దున దారిలో ఆపి అడిగింది. "పెట్టినవా అక్కా?"

"నెట్ లేకుండె. ఇయ్యాల పెడత."

మూడో రోజు ఆమె వాకిట్లో కూర్చుని ఎండలో పాత బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఏమీ అడగలేదు. నేను రైలుకు టైమవుతోందని గబగబా నడిచాను.