తాళం వేసిన పదకొండు ఇళ్ళు

1998 జూన్. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు మొలకెత్తుతున్న రోజులు. హైటెక్ సిటీ అన్న పేరు అప్పుడప్పుడే జనం నోళ్ళలో నానుతోంది. నేను శేరిలింగంపల్లి వైపు పౌరసరఫరాల శాఖలో చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. అంటే రేషన్ షాపుల్లో తూకం, నిల్వ, కార్డులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే మనిషిని. అనంతపురంలోని మా చుట్టాలు మాత్రం దాన్ని ‘పవర్ సరఫరా’ అనుకునేవాళ్ళు. “మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, పైవాళ్ళకి ఒక మాట చెప్పు పాపా” అని ఉత్తరాలు రాసేవాళ్ళు. నాకున్న పవరల్లా ఒక ఎర్ర పెన్ను. దానికి ఎంత పవర్ ఉందో నాకు ఆ ఏడాదే తెలిసింది.

అప్పటికి ఆహార హక్కు అన్న మాట చట్టంలోకి ఎక్కలేదు. దానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మా దగ్గర ఉన్నది పథకం. అంతకు ముందటేడు కేంద్రం విధానం మార్చింది. చవక బియ్యం అందరికీ కాదు, పేదలకే గురిపెట్టి ఇవ్వాలంది. ‘టార్గెటెడ్’ అనేవాళ్ళం. గురి పెట్టాలంటే ఎవరు పేదో తేలాలి. అంతకంటే ముందు అసలు ఎవరు ఉన్నారో తేలాలి. కార్డు ఉండి మనిషి లేని ఇళ్ళు నిజంగానే ఉండేవి, ఆ బియ్యం ఎటో పోయేది. అందుకని ఇంటింటి తనిఖీ పెట్టారు. పని మంచిదే. చేయడానికి పంపిన మనిషి దగ్గరే వచ్చింది చిక్కంతా.

రూలు సులువు. ప్రతి ఇంటికీ మూడుసార్లు వెళ్ళాలి. మూడుసార్లూ తాళం కనబడితే పేరు పక్కన ‘డి.ఎల్.’ అని రాయాలి. డోర్ లాక్డ్ అని అర్థం. ఆ రెండు అక్షరాలు పడ్డాయంటే డీలర్ దగ్గరుండే కీ రిజిస్టర్‌లో, అంటే ఆ షాపు కార్డుదారుల పేర్లన్నీ ఉండే పెద్ద పుస్తకంలో, ఆ పేరు మీద ఎర్ర గీత పడుతుంది. ఆ పై నెల నుంచి బియ్యం బంద్.

గోపన్‌పల్లి దారిలో బండల వెనక ఒక వీధి ఉండేది. రేకుల ఇళ్ళు, గుడిసెలు కలిపి ముప్పై. పాలమూరు నుంచి రాళ్ళ పనికి వచ్చి, పదేళ్ళుగా అక్కడే పాతుకుపోయినవాళ్ళు. ఆఫీసులో సంతకం పెట్టి, ఫైలు తీసుకొని, నా మోపెడ్‌ని బతిమాలి అక్కడికి చేరేసరికి పదకొండున్నర అయ్యేది. మూడుసార్లూ అదే వేళ. పదకొండు ఇళ్ళకు మూడుసార్లూ తాళం. తాళమంటే పెద్ద తాళమేం కాదు, రేకు తలుపుకు చుట్టిన ఇనుప తీగ. ఆ ఎండలో తాళం చూసి తాళలేక నీడ వెతుక్కుని డి.ఎల్., డి.ఎల్. అని రాసుకుంటూ పోయాను. మిగతా ఇళ్ళలో ముసలివాళ్ళో బాలింతలో ఉండి కార్డు చూపించారు. వాళ్ళకు టిక్కు పెట్టాను. ఒక్క వీధిలో పదకొండు బోగస్సులు పట్టానని ఆఫీసులో పేరొచ్చింది. ఆ సాయంత్రం టీతోపాటు నాకొక సమోసా ఎక్కువ పెట్టారు కూడా. ఇప్పటికీ సమోసా చూస్తే నాకు తల దించుకోవాలనిపిస్తుంది, తినడం మాత్రం మానలేదు.

ఆగస్టు మధ్యలో ఒక సోమవారం ఆఫీసు తెరిచేసరికి ఒకామె వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటుంది. వేళ్ళ సందుల్లో సిమెంటు ఎండిపోయి ఉంది.

“ఎర్ర గీత కొట్టిన మేడం నువ్వేనా?”

“ఏ గీత అమ్మా?”

కొంగుముడి విప్పి, పాలిథిన్ కవర్లో మడిచిపెట్టిన కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది. పేరు బాలమ్మ. “డీలరన్నడు, బుక్కుల నువ్వు లేవంట. రెండు నెలల బియ్యం పోయినయ్. నేనున్న గద. జర ముట్టి సూడు.”

నేను రూలు అప్పజెప్పాను. “మూడుసార్లు వచ్చానమ్మా. మూడుసార్లూ తాళమే.”

“ఎన్ని గంటలకొచ్చినవ్?”

“పదకొండున్నరకి.”

ఆమె నవ్వింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్నేమో, నవ్వేసరికి ముందున్న ఫైలు మూసేశాను. “పదకొండున్నరకి ఇంట్ల కూసుంటే నాకు కూలి ఎవడిస్తడు మేడం? పొద్దుగాల ఆరు కాకముందే టిప్పర్ వస్తది. మొగుడు, కొడుకు, కోడలు, నేను, అందరం ఎక్కుతం. మాదాపూర్‌ల అద్దాల బిల్డింగ్ కాడ పని. ఇంట్ల పన్నోడేమో ఉన్నోడాయె, పనికి పోయినోడు లేనోడాయె. ఏం లెక్క ఇది?”

ఆమె వెళ్ళాక లిస్టు తీసి, ఈసారి మనుషుల వయసులతో సహా మళ్ళీ చూశాను. పదకొండు ఇళ్ళలో ఒక్కటి కూడా అందుకు భిన్నం కాదు. కదలగలిగిన ప్రతి మనిషీ పనికి పోయే ఇళ్ళే అవన్నీ. పనిచేసే చేతులు ఎన్ని ఎక్కువుంటే నా కాగితం మీద ఆ ఇల్లు అంత బోగస్. పేదల్ని వెతకమని పంపితే, కష్టపడేవాళ్ళని ఏరి అవతల పారేశాను.

మా పై అధికారి గోదావరి జిల్లా మనిషి. కళ్ళజోడు పైనుంచి చూసేవారు. వెళ్ళి జరిగింది చెప్పాను. “చూడండమ్మా, రద్దయిన కార్డుల లిస్టు శనివారం కలెక్టరేట్‌కి వెళ్ళిపోతుంది. వెళ్ళిందంటే ఇక అంతేనండి. కొత్త తెల్లకార్డులు ఆపేశారు, మళ్ళీ ఎప్పుడిస్తారో నాకే తెలీదు.”

“ఏం చేయమంటారు సార్?”

“పదకొండు కుటుంబాల్నీ కళ్ళతో చూసి మళ్ళీ విచారణ రాయండి. రెండు నెలలుగా ఏం తిని బతికారో కూడా రాయాలి, వేరే కార్డు లేదని రుజువు కావాలి కదా. మొదటి రిపోర్టు తప్పని కూడా మీరే రాయాలండి. రేపు మెమో వస్తే మాత్రం నన్నడక్కండి.” మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. అది సర్వీసు రికార్డులో కూర్చుంటే ప్రమోషన్ ఎదురుగా వచ్చి కూడా పక్కకి తప్పుకుపోతుంది.

బుధవారం మధ్యాహ్నం మాదాపూర్ సైటుకి వెళ్ళాను. గేటు దగ్గర ఒక హెల్మెట్ నెత్తిన పెట్టారు. అది కళ్ళ మీదికి జారి ముందున్నది కనబడకుండా చేసింది. హెల్మెట్ లేకుండానే ఆ పని చేయగలనని జూన్‌లోనే నిరూపించుకున్నాను. దాన్ని వెనక్కి తోసి తలెత్తాను. అంత ఎత్తు గోడ, గోడంతా అద్దం, అద్దం నిండా మబ్బులు. చివరి అంతస్తులో తట్ట మోస్తున్న మనిషి చీమంత. కంప్యూటర్ల కోసం కడుతున్న ఆ మేడ కింద, ఇంకా గచ్చు వేయని నేల మీద వరసగా కూర్చుని బాలమ్మా, అదే టిప్పర్లో వచ్చిన ఆ వీధివాళ్ళూ సద్ది విప్పుతున్నారు.

లిస్టు చూసి పేర్లు పిలిచాను. పదకొండు కుటుంబాలూ పలికాయి. ఏడో నెల పొట్టతో ఇసుక జల్లించే బాలమ్మ కోడలు కూడా “ఉన్న మేడం” అని బడిపిల్లలా చెయ్యెత్తింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి గిన్నెల్లోకి చూశాను. చూసి ఆగిపోయాను.

అవి మా బియ్యం. ఏళ్ళ తరబడి గోదాముల్లో తిరిగిన కళ్ళు నావి. దొడ్డు గింజ, కొంచెం పసుపు ఛాయ, ఆ నెల కోటాలో వచ్చిన రకమే. కార్డులు రద్దయి రెండు నెలలు. మరి రేషన్ బియ్యం వీళ్ళ గిన్నెల్లోకి ఎలా వచ్చాయి? ఇంకో పేరు మీద ఇంకో కార్డు ఉందా? నా డి.ఎల్.లే నిజమా?

“బాలమ్మా, ఈ బియ్యం ఎక్కడివి?”

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో గిన్నె మీద మూత పెట్టేశారు.

“ఇంటియి.”

“ఇంట్లోకి ఎలా వచ్చాయి?”

“నడుసుకుంటనైతే రాలే.”

“నిజం చెప్పకపోతే నేను రాయలేను. శనివారం దాటితే నీ కార్డు ఇక రాదు.”

బాలమ్మ తన గిన్నె మీదా మూత పెట్టింది. “చెప్తే ఇంకొకల కార్డు పోతది.”

కోడలు ఆమె కొంగు లాగింది. “చెప్పు అత్తా. నీకు దండం పెడుత, చెప్పు.”

“ఊకో పిల్లా. పోతే మనదే పోనీ.” అని నావైపు తిరిగింది. “రేపు పొద్దుగాల ఐదు గంటలకు రా. మేం ఇంట్ల ఉన్నప్పుడు రా ఒకపారి. నోటితోని చెప్తే నేను ఒకలను పట్టిచ్చినట్టయితది. నీ కండ్లతోని సూడు. సూసినంక ఏం రాస్తవో నీ ఇష్టం.”

మర్నాడు తుంపరలో, మోపెడ్ లైటు వెలుగులో చేరాను. ఆ వీధిలో అప్పటికే పొద్దు పొడిచినట్టుంది. ఒక్క తలుపుకీ తీగ లేదు. ప్రతి ఇంటి ముందూ పొయ్యి రాజేస్తున్నారు. బాలమ్మ ఒక సత్తు గిన్నె చంకన పెట్టుకుని వీధి చివర నుంచి మొదలుపెట్టింది. మొదటి గుడిసె ముందు నిలబడింది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి పిడికెడు బియ్యం గిన్నెలో పోసింది. పక్క ఇల్లు. ఇంకో పిడికెడు. నేను జూన్‌లో టిక్కు పెట్టిన పంతొమ్మిది ఇళ్ళ ముందూ ఆగింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒకామె చంటిపిల్ల ఏడుస్తుంటే ఆలస్యంగా వచ్చి, “ఆగవ్వా, నాది కాలే” అని కోప్పడి మరీ పోసింది.

తర్వాత గిన్నె వెనక్కి తిరిగింది. తాళం ఇళ్ళ దగ్గర ఆగి, తినే నోళ్ళను బట్టి చేత్తో తీసి పెట్టింది. ఏ ఇంట్లో ఎందరో ఆమెను ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తన ఇల్లు దాటుకుని బండ వెనక్కి నడిచింది. నేను వెంట వెళ్ళాను. అక్కడ టార్పాలిన్ కింద ఒక పడుచు జంట, ఒళ్ళో పసిపిల్ల. మక్తల్ వైపు నుంచి వచ్చి నెల కాలేదట. వాళ్ళకు రెండు పిడికిళ్ళు. అడుగున మిగిలినవి తీసుకుని అప్పుడు తన ఇంటికి వెళ్ళింది.

“వీళ్ళు నా లిస్టులోనే లేరు కదా బాలమ్మా?”

“యాడుంటరు? ఆళ్ళ కార్డు ఊర్లె ఉన్నది, కడుపు ఈడున్నది.”

మొత్తం పావుగంట కూడా పట్టలేదు. మాకు గోదాములున్నాయి, లారీలున్నాయి, తూకం రాళ్ళున్నాయి, ఆ రాళ్ళను తనిఖీ చేయడానికి నాలాంటి రాళ్ళూ ఉన్నారు. ఇంతమందిమి కలిసి రెండు నెలలుగా చేర్చలేని గింజలు ఒక సత్తు గిన్నెలో రోజూ ఇళ్ళకు చేరుతున్నాయి, లిస్టులో లేని ఇంటికి కూడా.

“ఎవరు మొదలుపెట్టారిది?” అన్నాను.

“మొదలువెట్టుడేంది? గీత వడ్డ దినం నేను పొయ్యి ముట్టియ్యలే. పక్కింటామె పొగ రాకపాయెనని తొంగి సూసింది. గంతే.”

ఒక ఇంట్లో మనిషి ఉన్నదీ లేనిదీ ఆ పక్కింటామె పొగ చూసి చెప్పింది. నేను తాళం చూసి చెప్పాను. ఇద్దరిలో శిక్షణ పొందినదాన్ని నేను.

శుక్రవారం విచారణ రాశాను. “మొదటి తనిఖీ వేళ తప్పు. వారు ఇంట లేనిది పనికి వెళ్ళినందువల్ల. ఆ తప్పు నాది.” ఏం తిని బతికారన్న చోట పెన్ను ఆగింది. కార్డు బియ్యం ఇంకొకరికి ఇస్తే ఇచ్చినవాళ్ళ కార్డు కూడా చిక్కుల్లో పడుతుంది. చివరికి “ఇరుగుపొరుగు సాయంతో తిన్నారు” అని రాశాను.

మా సార్ చదివి కళ్ళజోడు పైనుంచి చూశారు. “సాయమంటే బియ్యమాండి, అన్నమాండి?” బియ్యమైతే నేరం, అన్నమైతే పుణ్యం. మా రూల్సు ప్రకారం రెండింటికీ మధ్య ఉన్నది ఒక పొయ్యి.

“అన్నం అయ్యాకే తిన్నారు సార్.”

ఆయన పెదవులు కదిలాయి, నవ్వు బయటికి రానివ్వలేదు. “కలెక్టరేట్‌కి నేనే స్వయంగా పట్టుకెళ్తానులెండి,” అని సంతకం పెట్టారు. పదకొండు పేర్లు రద్దు లిస్టులోంచి బయటికి వచ్చాయి. మెమో కూడా వచ్చింది, ఆలస్యం లేకుండా. సంజాయిషీ ఉన్నదున్నట్టు రాసిచ్చాను.

మక్తల్ జంటకు మాత్రం ఏమీ చేయలేకపోయాను. ఇక్కడ కార్డు కావాలంటే ఊళ్ళో కార్డు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తేవాలి. ఆ కార్డు మీద ఊళ్ళో తినేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే బియ్యం తీసుకోవచ్చన్న మాట రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి నేను రిటైరైపోయాను.

ఆ కేసు తర్వాత నేను ఏ వీధికి వెళ్ళినా ముందు అక్కడివాళ్ళ పొద్దు ఎప్పుడో అడిగి తెలుసుకునేదాన్ని. తెల్లకార్డు తనిఖీకి తెల్లారకముందే బయల్దేరేది ఈవిడొక్కతే అని ఆఫీసులో ఆటపట్టించేవాళ్ళు. పథకమైనా చట్టమైనా పైనుంచి కిందికి వస్తుందనే అంతవరకూ అనుకున్నాను. మేం చేరకముందే కింద ఎవరో దాన్ని అమలు చేస్తూ ఉంటారని, మా పని ముందు వాళ్ళకు అడ్డం పడకుండా ఉండటమనీ ఆ వీధిలో నేర్చుకున్నాను.

సెప్టెంబరులో పదకొండు ఇళ్ళకూ బియ్యం అందిన మర్నాడు మళ్ళీ ఐదు గంటలకు వెళ్ళాను. డ్యూటీ లేదు. ఇక గిన్నె బయటికి రాదు కదా, ఒకసారి చూసి పోదామని. గిన్నె బయటికి వచ్చింది. ఈసారి ముప్పై ఇళ్ళ ముందూ ఆగింది. బాలమ్మ కోడలు కూడా గుమ్మంలోంచి చెయ్యి చాపి ఒక పిడికెడు పోసింది. గిన్నె నేరుగా బండ వెనక్కి వెళ్ళింది. టార్పాలిన్ కింది పసిపిల్ల తల్లి కొంగు పట్టింది. బాలమ్మ పోస్తూనే ఉంది, కొంగు బరువెక్కి కిందికి జారుతోంది.

“సాలు పెద్దమ్మా, సాలు,” అంది ఆ తల్లి.

మా శాఖలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. బియ్యం ముందు నిలబడి ఒక మనిషి ‘చాలు’ అనడం నేను విన్నది ఆ ఒక్కసారే.