రాజుగారికి దణ్ణం

ఈ టచ్ ఫోన్లతో మహా చిక్కండి. మొన్న కొత్తది కొని, అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుంటే మా మేనేజరు గారికి కాల్ వెళ్ళిపోయింది. "ఏంటండీ, ఆదివారం పూట?" అన్నారాయన. "ఏమీ లేదండి, దణ్ణం పెట్టుకుంటున్నానండి" అన్నాను. (అప్పట్నుంచి నాతో కాస్త జాగ్రత్తగా ఉంటున్నారు.) మా చిన్నప్పుడు వస్తువులు ముట్టుకుంటే ఊరుకునేవి, ఒక్క చదరంగం పావులు తప్ప.

నాకప్పుడు పదేళ్ళు. రామచంద్రపురంలో నన్ను చెస్ పిడుగు అనేవారు. ఆట నేర్పిన మా బాబాయి నెల తిరక్కుండా నా చేతిలో ఓడి, "కళ్ళజోడు మార్చాలిరా" అన్నాడు. మార్చాక కూడా ఓడాడు. తర్వాత లెక్కల మాస్టారు, ఆ తర్వాత మందుల షాపు ఆయన. నేను బోర్డు పట్టుకుని వీధిలో కనబడితే పెద్దమనుషులకు హఠాత్తుగా పనులు గుర్తొచ్చేవి. చివరికి బాబాయి తనని తానే కోచ్‌గా నియమించుకుని, పెద్దాళ్ళూ పిల్లలూ కలిసి ఆడే జిల్లా పోటీకి నన్ను రాజమండ్రి తీసుకెళ్ళాడు. నాన్నగారు గుమ్మంలోనే తీర్పు చెప్పేశారు: "గెలిచి రాష్ట్ర పోటీకి వెళ్తే సరే. ఓడావో, పదో తరగతి అయ్యేదాకా బోర్డు అటకెక్కుతుంది."

ఫైనల్లో ఎదురుగా ఓ బ్యాంకు ఆఫీసరు గారు. మూడేళ్ళుగా ఆయనే ఛాంపియన్. "ఏం బాబూ, పాలు తాగి వచ్చావా?" అన్నారు. "కాఫీయేనండి" అన్నాను. రెండు గంటలయ్యేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. ఇంక నా మంత్రిని ఒక్క గడి జరిపితే ఆటకట్టు. సరిగ్గా అక్కడే మా నాయనమ్మ పెంపకం అడ్డొచ్చింది. పుస్తకం కానీ, పెన్సిలు కానీ, కొత్త లాగు కానీ, కళ్ళకద్దుకోకుండా వాడనిచ్చేది కాదావిడ. ఇంతసేపూ ప్రాణాలతో నిలబడ్డ నా రాజు మీద భక్తి పొంగి, చటుక్కున ఎత్తి కళ్ళకద్దుకున్నాను.

"ముట్టుకున్న పావునే కదపాలి బాబూ" అన్నారు రిఫరీ గారు.

"దణ్ణం పెట్టుకున్నానండి!"

"పెట్టుకుంటే పెట్టుకున్నావు. కదుపు."

వెనకనుంచి బాబాయి "ఒరేయ్, ఆ దణ్ణమేదో మంత్రికి పెట్టి చావకూడదూ!" అని అరిచాడు. ఆయన్ని బయటికి పంపించేశారు. నా రాజు వెళ్ళడానికి పక్కన ఒక్కటే గడి ఖాళీ. అక్కడ పెట్టాను. పెట్టగానే, ఇంతసేపూ రాజు వెనకాల నక్కి ఉన్న నా ఏనుగుకి దారి తెరుచుకుంది, తిన్నగా అవతలి రాజు మీదికి. ఆయనకి పారిపోయే గడి లేదు. ఆటకట్టని నాకు తెలిసింది హాల్లో చప్పట్లు విన్నాకే.

మర్నాడు పేపర్లో 'మంత్రిని కాదని రాజుతోనే ఆట కట్టించిన బాలుడు' అని వేశారు. ఆ ఎత్తు తానే మూడు నెలలు సాధన చేయించానని బాబాయి బస్సు కండక్టరుతో సహా అందరికీ చెప్పాడు. (ఆ సమయానికి మెట్ల మీద కూర్చున్న మనిషి!) రాష్ట్ర పోటీ, అక్కడో కప్పు, ఆపైన ఇంకోటి, స్పోర్ట్స్ కోటాలో సీటు, తర్వాత ఈ ఉద్యోగం. ఎవరడిగినా "ముందే చూశానండి" అనేవాణ్ణి, తల వంచుకుని. వినయం బాగా కుదిరేది. చెప్పగా చెప్పగా నేనూ నమ్మేశాను. ఆ పదేళ్ళ మేధావిని తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కిందటి నెల ఓ పెళ్ళి భోజనాల్లో ఇదే కథ చెబుతున్నాను. పక్క కుర్చీలో ఓ తల నెరిసిన పెద్దాయన పప్పన్నం కలుపుకుంటూ అంతా విని, నింపాదిగా నా వైపు తిరిగారు. ఆ ఆఫీసరు గారే.

"రాజుని జరిపేటప్పుడు నువ్వు ఏడుస్తున్నావు బాబూ" అన్నారు.